గీత దాటిన గీకుడు

"లీవా? ఎన్నాళ్లిచ్చారు నాయనా?" ముసలమ్మ సంబరంగా అడిగింది.

"లీవు కాదమ్మా, లివరు!" పెద్దకొడుకు తల్లి చెవిలో అరిచాడు. "తమ్ముడి లివరు పాడైంది. ఇంకా తాగితే వాడికి శాశ్వతంగా లీవేనట!"

మంచం మీద తమ్ముడు పళ్లికిలించాడు. బోర్డులు రాసే పెయింటరతను. గోడకి రంగు వేసినా, గొంతులో రంగునీళ్లు పోసినా రెండో కోటింగు లేనిదే వదలడు.

"ఇవాళ్టి నుంచి నీ చేతికి పైసా రాదు" అన్నాడు అన్న. "నీ కూలి నేనే వసూలు చేసి మరదలికిస్తా. పెట్రోలుకీ బ్రష్షులకీ నీ దగ్గర క్రెడిట్ కార్డొక్కటే ఉంటుంది. దాని లిమిట్ ఐదువేలకి దింపించేశా. నీకెలాగూ హద్దు లేదు, కార్డుకైనా ఉండనీ."

"పెట్రోలు బండికేనా అన్నయ్యా, నాక్కాదా?"

"నోర్ముయ్! అమ్మాయ్, నెలనెలా బిల్లు నువ్వు కట్టు. మొగుణ్ణి కట్టడి చెయ్యలేకపోయినా బిల్లు కట్టడం చేతనవుతుందిగా!"

"అలాగే బావగారూ" అంది మరదలు. ఆమె ఎడమచేతికి కట్టు ఉంది.

"అదేంటే?" అంది అత్తగారు.

"బాత్రూములో జారాను అత్తయ్యా."

"ఏం బాత్రూమో! మరిదిగారు తాగొచ్చిన రోజే జారుతుంది" అని తోడికోడలు గొణిగింది.

మొదటి నెల మందు భేషుగ్గా పనిచేసింది, అంటే చాలారోజులు దొరకనే లేదు. పదిరోజులకే కార్డు చేతులెత్తేసింది. పెయింటరు ముఖానికి మాత్రం సున్నం కొట్టినట్టయింది. రెండో నెల నుంచి మళ్లీ పాటలు పాడుకుంటూ ఇల్లు చేరసాగాడు. అన్న బారుకి పరిగెత్తి ఓనరు కాలరు పట్టుకున్నాడు.

"మా వాడికి అప్పు పెడుతున్నావా?"

"అప్పా! 'అప్పు అడగవద్దు' అని నా గోడ మీద రాసిందే మీ తమ్ముడండీ. కార్డు గీకుతున్నాడు, మిషను సరేనంటోంది. మిషనుకి లేని బాధ నాకెందుకు?"

అన్న నమ్మలేదు. ఐదువేలతో ఇంత మత్తా? బ్యాంకునే నిలదీద్దామనుకునేలోపు తమ్ముడు నెత్తురు కక్కుకుని పోయాడు.

ఏడుపులు సద్దుమణిగాక ఇంటిల్లిపాదీ బ్యాంకు మీదికి దండెత్తారు.

"ఐదువేల లిమిట్ పెడితే, ఈ బిల్లు ప్రకారం నెలకి ఇరవైవేలు ఎలా గీకనిచ్చారు? మీ మీద కేసు వేస్తా! నా తమ్ముణ్ణి చంపింది మీరే!"

కార్డుల గుమాస్తా తాపీగా తెర వైపు చూశాడు. "లిమిట్ మేమిచ్చే అప్పుకేనండీ. నెలనెలా బిల్లు కన్నా ఎక్కువ కట్టారు. ఆ పైసొమ్ము కార్డులోనే ఉంటుంది. సొంత డబ్బు వాడుకుంటే మేమెందుకు ఆపుతాం?"

"ఎక్కువ కట్టారా! ఎవరు?"

మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది. "నేనే బావగారూ. బట్టలు కుట్టిన డబ్బంతా తెచ్చి కట్టేశాను. ముందే కట్టేస్తే ఆయన పేరు మీద అప్పు ఉండదనుకున్నా. ఇలా అవుతుందని నాకేం తెలుసు!"

"పిచ్చితల్లీ!" అంటూ అత్తగారు ఆమెను గుండెకి హత్తుకుంది. తోడికోడలు కూడా కళ్లొత్తుకుంది.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు అన్న. "లెక్కలు తెలియని దానివని తెలిసీ ఆ బాధ్యత నీకప్పగించాను."

గుమాస్తా కళ్లజోడు తీసి, ఆమె వైపు అయోమయంగా చూశాడు.

"అదేంటమ్మా, ఎక్కువ కడితే లిమిట్ దాటి గీకొచ్చా అని మొదటి నెలే నన్నడిగి వెళ్లారుగా!"