కోడ్‌గురు గారి అభ్యంతరాలు

“ఇదీ ఒక మార్పేనా? డేటాబేస్ ముందు స్టార్ట్ చెయ్యాలని పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. ఇది ధర్మసత్రం కాదమ్మా!”

కోడ్‌గురు అనే ఆయన కంప్యూటర్ తెర మీద విసిరిన మాటలివి. చదివిన అమ్మాయి మొహం చిన్నబోయింది.

లైబ్రరీలు పుస్తకాల లెక్క చూసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. ఎవరైనా మార్పులు పంపవచ్చు, నచ్చితే నిర్వాహకులు కలుపుకుంటారు. ఇన్‌స్టాల్ చేసే పద్ధతి చెప్పే పేజీలో ఒక మెట్టు ఎగిరిపోయింది. అది తెలియక ఈ అమ్మాయి రోజంతా తల బాదుకుంది కాబట్టి, వెనకొచ్చేవాళ్లకైనా ఆ తిప్పలు తప్పాలని రెండు వాక్యాలు రాసి పంపింది. పైగా సోమవారం ఇంటర్వ్యూ. ఇలాంటి ప్రాజెక్టులో ఒక్క మార్పయినా కలిసి ఉంటేనే రమ్మని కంపెనీవాళ్లు ముందే చెప్పేశారు.

“ఏమంటాడే ఆ మహానుభావుడు?” కుట్టుమిషన్ ఆపకుండానే అడిగింది అక్క.

“రెండు వాక్యాలు ఎక్కువట. ఒకటి చాలట.”

“చేసి పారెయ్. మన సొమ్మేం పోయింది?”

‘అలాగే సార్’ అని ఒకటి చేసింది. మరీ పొడిగా ఉందన్నాడు. ‘సరే సార్’ అని మళ్లీ రెండు చేసింది. చెప్పినట్టల్లా ఆడతావేం, సొంత బుర్ర లేదా అన్నాడు. కొందరికి ఎదుటివాళ్ల పనిలో వంక దొరికితే ఆ పూట అన్నం కూడా అక్కర్లేదు. ఈయన కోడిగుడ్డుకు ఈకలు పీకడమే వృత్తిగా పెట్టుకున్న రకం.

“చిన్న కుర్చీ దొరికితే చాలు, కొందరికి నేల కనపడదు” అంది అక్క దారం కొరికి. “పైన ఇంకెవరూ లేరా? వాళ్లకి చెప్పు.”

“అందరూ చూస్తూనే ఉన్నారక్కా. ఒక్కరూ నోరు మెదపరు. అంటే ఆయన మాటే వాళ్ల మాట.”

శనివారం సాయంత్రం కోడ్‌గురు ఆఖరి బాణం వేశాడు. ‘నీలాంటివాళ్లు ఉద్యోగం కోసమే ఇలాంటి గుమ్మాలు తొక్కుతారు. సేవ అంటే ఏమిటో తెలుసా?’

అందులో సగం నిజమే కావడంతో అది సూటిగా గుచ్చుకుంది. ‘మీ విలువైన సమయం వృథా చేశాను సార్, క్షమించండి’ అని రాసి, మార్పును వెనక్కి తీసేసుకుంది. కళ్లు తుడుచుకుంటూ లేచింది.

“పిరికిదానా! ఒక్క మాటైనా అడక్కుండా వచ్చేశావా?”

“అడగడానికి నేనెవరినక్కా? అది వాళ్లిల్లు.”

ఆదివారం నిర్వాహకుల దగ్గర్నుంచి జవాబు వచ్చింది. అమ్మాయి తెరిచి, ఒక్కసారిగా కేక పెట్టింది. “అక్కా! బంగారంలాంటి మార్పు, వెనక్కెందుకు తీసుకున్నారు అంటున్నారే! నేను మొదట పంపిందే కలిపేశారట!”

అక్క మిషన్ వదిలి పరుగెత్తుకొచ్చి చెల్లెల్ని కావలించుకుంది. “కింద ఇంకా ఏదో ఉంది, అదీ చదువు.”

అమ్మాయి చదివింది. ‘కోడ్‌గురు గారికి కూడా మా నమస్కారాలు చెప్పండి. ఆయనెవరో మాకు తెలీదు. మీ మాస్టారు కాబోలు, శిష్యురాలికి పాఠం చెప్పుకుంటున్నారు కదా అని ఇన్నాళ్లూ మేం మధ్యలోకి రాలేదు.’