మంత్రిగారి రాజీనామా

“ఆయన వద్దనగానే మనం ‘సరేనండి’ అనెయ్యాలి. అంతే. ఎవరూ నోరు జారకూడదు,” అంది డిప్యూటీ డైరెక్టర్, మీటింగు గది తలుపు దగ్గరగా వేసి.

లైబ్రేరియన్ నసిగాడు. “పెద్దాయన నొచ్చుకుంటారేమో మేడమ్.”

“నొచ్చుకోనీండి. ప్రతిసారీ ఆయన వద్దనడం, మనం కాళ్ళావేళ్ళా పడడం, మళ్ళీ వద్దనడం, మళ్ళీ పడడం, మూడోసారికి ఆయన తలొంచడం! ఇది యూనివర్సిటీనా, రాజదర్బారా?”

దర్బారు మాట ఊరికే రాలేదు. ఆ కొరియా అధ్యయన కేంద్రం డైరెక్టరు తన జీవితమంతా పాతకాలపు కొరియా రాజాస్థానాల మీదే ధారపోశాడు. అక్కడ మంత్రులు రాజీనామా ఇచ్చేవారు, రాజు కాదనేవాడు, వాళ్ళు మళ్ళీ ఇచ్చేవారు. పదవి మీద ఎంత ఆశ ఉన్నా ముందు వద్దనడమే మర్యాద. దానిమీద ఆయన లావుపాటి పుస్తకం రాశాడు. అందుకే వెనకాల అందరూ ఆయన్ని ‘మంత్రిగారు’ అంటారు. పదవీకాలం ముగిసినప్పుడల్లా ఆయన వెళ్ళిపోతాననేవాడు. పాలకమండలిలో ఉన్నవాళ్ళంతా ఆ పుస్తకం చదివినవాళ్ళే కాబట్టి ఏం చెయ్యాలో వాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు.

డిప్యూటీ చెడ్డది కాదు. కేంద్రం బరువంతా మోస్తున్నది ఆవిడే. మంత్రిగారి దగ్గరికి ఏ ఫైలు వెళ్ళినా ‘నాదేముంది, మీరే తేల్చుకోండి’ అని తిరిగొచ్చేది. కొత్త కోర్సు అలాగే త్రిశంకు స్వర్గంలో వేలాడుతోంది. తను ఆ కుర్చీలో కూర్చుంటే పనులు పరిగెడతాయని ఆవిడకి గట్టి నమ్మకం. ఈసారి తప్పితే, నిబంధనల ప్రకారం ఆవిడకి వయసు దాటిపోతుంది.

“ఆయన గది చూశారా? పుస్తకాలు ఇప్పటికీ అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. గోడకి ఒక్క మేకు కొట్టనివ్వరు. అడిగితే ‘ఎలాగూ పోయేవాణ్ణి’ అంటారు. నటనంటే అదీ!”

కొరియన్ భాష చెప్పే మేడమ్ పకపకా నవ్వింది. “వాళ్ళావిడ మాత్రం తక్కువా? మొన్న వార్షికోత్సవంలో నా చెయ్యి పట్టుకుని ‘మా ఆయన్ని ఎప్పుడు వదుల్తారమ్మా’ అంది. ఎంత గర్వమో!”

బయట అడుగుల చప్పుడైంది. అందరూ సర్దుకుని కూర్చున్నారు.

మండలికి అధ్యక్షత వహించే రిజిస్ట్రారు లాంఛనాలు త్వరగానే ముగించాడు. “డైరెక్టరు గారి పదవీకాలం అయిపోయింది. కొనసాగడం గురించి వారి అభిప్రాయం వినాలి.”

మంత్రిగారు లేచాడు. ఎప్పట్లాగే జేబులోంచి గది తాళాలు తీసి బల్లమీద పెట్టాడు. “నావల్ల కాదండీ. దయచేసి నన్ను వదిలెయ్యండి.”

అలవాటు కొద్దీ లైబ్రేరియన్ నోరు తెరిచాడు. భాషా మేడమ్ బల్లకింద అతని కాలు గట్టిగా తొక్కింది.

“మీ ఇష్టం సార్. మీ మాట కాదనం,” అంది డిప్యూటీ.

మంత్రిగారు ఒక్కొక్కరి మొహమూ చూశాడు. “ఏమన్నారు?”

“సరేనన్నాం సార్.”

“అందరూనా?”

“అందరమూ.”

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. మంచినీళ్ళ గ్లాసు అందుకుంటే సగం నీళ్ళు చొక్కామీద ఒలికాయి. కొత్త డైరెక్టరుగా డిప్యూటీ పేరు ప్రతిపాదించడం, చేతులెత్తడం, రిజిస్ట్రారు ప్రకటించడం టీ వచ్చేలోపే అయిపోయాయి.

మంత్రిగారు తాళాలు రెండు చేతులతో తీసి ఆవిడకి అందించాడు. కళ్ళనిండా నీళ్ళు. ఏదో అనబోయి, మానేసి బయటికి నడిచాడు.

అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. కానీ ఆవిడ మనసు చివుక్కుమంది. మర్యాదస్తుడైన ముసలాయన్ని పట్టుకుని నలుగురిలో ఇంత మాట అనేశామే అనుకుంది. ఒక్క క్షమాపణైనా చెప్పుకోకపోతే ఆ కుర్చీలో తను సుఖంగా కూర్చోలేననిపించింది. తాళాలు గుప్పిట్లో బిగించి వెనకాలే వెళ్ళింది.

వరండా చివర కిటికీ దగ్గర ఆయన అటు తిరిగి నిలబడి ఉన్నాడు. భుజాలు కదిలిపోతున్నాయి. భార్యకి ఫోను చేసినట్టున్నాడు. డిప్యూటీ గుండె నీరైపోయింది. అడుగు ముందుకి పడలేదు.

“అమ్మయ్య, ఇన్నేళ్ళకి నా మాట నమ్మారోయ్!”