డిస్‌ప్లేలో పెట్టిన లాప్‌టాప్

సంచీలోంచి వంటింటి తూకం మిషన్ తీసి లాప్‌టాప్‌ల షాపులో బల్ల మీద పెట్టగానే సేల్స్‌మన్ నోరు వెళ్లబెట్టాడు.

"ఇదేంటండీ?"

"మీరు కిలో అంటారు, కిలోన్నర అంటారు. నేను తూచి మరీ కొంటాను," అంది కామా.

అది ఆమె అసలు పేరు కాదు. పిల్లల వారపత్రికలో ప్రూఫ్‌రీడరు. ఎక్కడైనా ఒక్క కామా తప్పిపోతే ఆ పూట ముద్ద దిగదని ఆఫీసువాళ్లు పెట్టిన పేరు.

మూడేళ్లుగా అన్నయ్య వాడి వదిలేసిన లాప్‌టాప్‌ని మోస్తోంది. లాప్‌టాప్ అనడం మర్యాదకే, అది బండరాయి. రెండు బస్సులు మారి, లిఫ్టు లేని ఆఫీసులో నాలుగంతస్తులు ఎక్కేసరికి ప్రాణం తోకకొచ్చేది.

ఇవాళ శనివారం. సొంత లాప్‌టాప్ కొనే రోజు! ఆమె కాళ్లు నేల మీద ఆనడం లేదు.

ఒకటి తూచింది. రెండు తూచింది. నాలుగోది పెట్టగానే కేకేసింది.

"కిలో రెండొందల గ్రాములే!"

"ఛార్జరు తూచావా అమ్మా?"

వరసలో చివరి లాప్‌టాప్ ముందు కూర్చుని టకటకా టైపు చేసుకుంటున్న ఒక పెద్దాయన, తల తిప్పకుండానే అడిగాడు.

కామా నాలుక కరుచుకుంది. ఛార్జరు కూడా పెట్టింది. అంకె ఒక్కసారిగా కిలోన్నర దాటిపోయింది. ఆమె మొహం చిన్నబోయింది.

"రోజంతా ఏం చేస్తావు దాంతో?" అడిగాడాయన.

"చదువుతాను, దిద్దుతాను. బస్సులో కూడా."

"మరి బరువొక్కటే చూస్తే ఎలా? తెర కంటికి హాయిగా ఉండాలి. సాయంత్రందాకా ఛార్జింగ్ నిలవాలి. మీటలు మెత్తగా ఉండాలి. మూత ఒక్క చేత్తో తెరుచుకోవాలి. రెండో చెయ్యి బస్సులో కమ్మీ పట్టుకోవాలి కదా!"

"అలాంటిది ఉందాండీ?"

పెద్దాయన కాసేపు తటపటాయించాడు. తర్వాత తన ముందున్నదాన్నే చూపించాడు.

"ఇదిగో, ఇదే."

సేల్స్‌మన్ కామా చెవిలో గొణిగాడు. "రోజూ వస్తాడండీ. ఏది కొనాలో చూసుకుంటున్నానంటాడు. ఆరు నెలలైంది, ఇంకా తేలలేదు!"

కామాకు నవ్వాగలేదు. "ఇలాంటిదే కొత్తది ఇవ్వండి."

"స్టాకు అయిపోయిందండీ. డిస్‌ప్లేలో పెట్టిన ఇదొక్కటే మిగిలింది. కావాలంటే ఇచ్చేస్తాం."

"కావాలి, కావాలి! తాతగారూ, కాస్త లేస్తారా?"

"ఒక్క పది నిమిషాలమ్మా. చిన్న పని మిగిలింది."

"రేపు వచ్చి ఇంకోటి చూసుకుందురుగానీ, తాతగారూ. నా బస్సు వెళ్లిపోతుంది."

ఆయన వేళ్లు ఏదో మీట కోసం వెతుక్కుంటుండగానే కామా మూత వేసేసింది. ఛార్జరుతో సహా తూకం మిషన్ మీద పెట్టింది.

"ఎంత?" అడిగాడాయన.

"రెండూ కలిపి కిలో నూటపది!"

"చెప్పానా!" అని ఆయన కూడా చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. మూసిన మూతవైపు ఒకసారి చూసి, గొడుగు తీసుకుని బయటికి నడిచాడు.

"లోపల ఉన్నవన్నీ తుడిచేసి ఇస్తానండీ," అన్నాడు సేల్స్‌మన్.

"వద్దొద్దు, ఇంట్లో నేనే చూసుకుంటాను."

లాప్‌టాప్‌ని గుండెకు హత్తుకుని బస్సు కోసం పరుగెత్తింది. తూకం మిషన్ బల్ల మీదే ఉండిపోయింది.

ఆదివారమంతా దాన్ని ఎత్తి చూసుకోవడం, ఇంట్లో అందరిచేతా ఎత్తించడంతోనే సరిపోయింది. మూత తెరిచే తీరిక లేకపోయింది.

సోమవారం నాలుగంతస్తులూ ఈల వేసుకుంటూ ఎక్కింది. ఆఫీసంతా చుట్టూ మూగింది. ఒకరు రెండు వేళ్లతో ఎత్తారు. ఇంకొకరు నెత్తిన పెట్టుకుని నడిచారు.

"చాల్లే సంబరం! దూదిపింజ గారి ఆఖరి భాగం ఇంకా రాలేదు," అంది సంపాదకురాలు.

"రాలేదా!" అంది కామా.

దూదిపింజ అన్నది కలంపేరే. ఎవరో, ఆడో మగో కూడా ఎవరికీ తెలియదు. ప్రతి శనివారం 'ఏడో అంతస్తు' సీరియల్ మెయిల్లో వచ్చి పడుతుంది. లిఫ్టు తనను మోయలేదని తెలిసి, స్నేహితురాలి ఇంటికి మెట్లమీదుగా బయల్దేరిన ఏనుగు కథ అది. ఇరవై అయిదు వారాల్లో ఒక్కసారీ తప్పలేదు. ఏనుగు పైకి చేరుతుందా అని పిల్లలు రాసిన ఉత్తరాలు రెండు సంచులు నిండాయి. ఆ సీరియల్‌ని అందరికంటే ముందు చదివేది తనేనని కామాకు కొండంత గర్వం. దూదిపింజ గారు ఒక్కసారి కనబడితే చాలు, రెండు చేతులూ పట్టుకుని వదలనని ఎన్నిసార్లు అందో!

ఇంతలో ఫోను మోగింది. సేల్స్‌మన్.

"మేడం, మీ తూకం మిషన్ మా దగ్గరే ఉండిపోయింది."

"సాయంత్రం వస్తాను. అన్నట్టు, ఆ తాతగారికి ఏదైనా నచ్చిందా?"

"మళ్లీ రాలేదండీ. ఆరు నెలల్లో రాకపోవడం ఇదే మొదటిసారి."

"పోనీలెండి, ఎక్కడో కొనేసుకుని ఉంటారు," అని నవ్వి పెట్టేసింది.

సంపాదకురాలు గడియారం చూసుకుంది. "మధ్యాహ్నానికి పేజీలు వెళ్లిపోవాలి. ఆ ఏనుగును నువ్వే ఎలాగో పైకి చేర్చు."

"నేనా!"

భయం వేసింది. దాన్ని మించి హుషారు పుట్టుకొచ్చింది. దూదిపింజ గారి పేజీలో తన రాత! కుర్చీ ముందుకు లాక్కుని, పెద్దాయన చెప్పినట్టే ఒక్క చేత్తో మూత తెరిచింది.

తెర వెలిగింది. శనివారం ఎక్కడ మూసిందో అక్కడే ఉంది.

పైన 'ఏడో అంతస్తు, ఆఖరి భాగం, రచన: దూదిపింజ' అని ఉంది. కింద, ఆఖరి మెట్టెక్కిన ఏనుగు తలుపు తట్టడానికి తొండం ఎత్తి, సగం వాక్యంలో నిలబడిపోయింది.