నాటకంలో లేని మాట

చిక్కడపల్లి హాల్లో మూడో బెల్ మోగింది. మేకప్ అద్దం ముందు నగేష్ తలపాగా సరిచేసుకుంటున్నాడు.

నాటకం ఈనాటిది కాదు. నాలుగొందల ఏళ్ళ కిందట ఏదో పరదేశంలో రాసిన విషాదాన్ని ఎవరో తెలుగులోకి తెచ్చారు. అందులో రాజు దొంగ. మంత్రి అమ్ముడుపోయాడు. ఆఖరికి రాజుగారి నాడి పట్టుకునే వైద్యుడు కూడా అమ్ముడుపోయాడు. అమ్ముడుపోనివాడు ఒక్కడే, కోట కాపలావాడు. ఆ వేషం నగేష్‌ది.

ముందు వరసలో శాలువా కప్పుకుని ముఖ్య అతిథి విశ్వేశ్వరరావు. పేటలో పెద్ద నాయకుడు. వెనక వరసల్లో అశోక్‌నగర్ నాలా పక్క బస్తీ జనం. పాలమూరు నుంచి వచ్చి, ఈ నగరంలో మేడలన్నిటికీ ఇటుకలు మోసి, తాము మాత్రం ఎనభై గుడిసెల్లో సర్దుకున్నవాళ్ళు. ఆ జాగా మీద విశ్వేశ్వరరావు కన్ను పడి ఏడాదైంది. ఆయన మనుషులు కాగితాలు పట్టుకుని మూడుసార్లు వచ్చారు. వేరేచోట ఇళ్ళిస్తామన్నారు. ఒక్క వేలిముద్ర పడలేదు. వేలిముద్రలు పడిన మర్నాడు బస్తీ ఉండదని అందరికీ తెలుసు.

నగేష్ ఆ బస్తీవాడే. పదో తరగతి గట్టెక్కినవాడు అక్కడ అతనొక్కడే. తల్లి బీరమ్మ కూడా వచ్చింది. తెర సందులోంచి ఆమెను చూసి చప్పున మొహం తిప్పుకున్నాడు.

నాటకంలో లేని మాట ఒకటి ఈరోజు అతను అనాలి.

విశ్వేశ్వరరావు మనిషి భాను లోపలికొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"ఏం మాట్లాడుతవో జర సోయి పెట్టి మాట్లాడు తమ్మీ. సార్ ముందట్నే కూసున్నడు."

"ఎరికే," అన్నాడు నగేష్.

చివరి రంగం. నగేష్ బల్లెం పట్టుకుని వచ్చాడు. సింహాసనం మీదున్న రాజుకు వీపు తిప్పి, ముందు వరస వైపు నిలబడ్డాడు. ప్రాంప్టర్ కంగారుగా పేజీలు తిప్పుతున్నాడు.

"విశ్వేశ్వరరావూ, ఎనభై గుడిసెలు మింగనీకి నోరు తెరిచినవ్. నా పాణం ఉండంగ ఒక్కటి గూడ మింగనియ్య."

విశ్వేశ్వరరావు మొహం కందగడ్డలా అయింది. శాలువా కుర్చీలోకి విసిరికొట్టి బయటికి నడిచాడు. వెనక వరసలు ఈలలు వేస్తూ లేచాయి.

నాటకం అయ్యాక బస్తీ మొత్తం మేకప్ గదిలోకి తోసుకొచ్చింది. బీరమ్మ కొడుకు మొహం మీది రంగు కొంగుతో తుడుస్తూ ఏడ్చింది. బస్తీ పెద్దమనిషి బుగ్గయ్య అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ ఎవర్ని నమ్మాలో తెలియక చచ్చామన్నాడు.

"ఇగ ఏ కాగితమొచ్చినా నువ్వే సదువు బిడ్డా. నువ్వు ఎయ్యమన్నకాడ కండ్లు మూసుకొని ఏలుముద్ర ఏస్తం."

బస్తీ నోట ఆ మాట రప్పించడానికే విశ్వేశ్వరరావు నాలుగు రోజులు నగేష్‌ను తన ఇంట్లో కూర్చోబెట్టుకుని, తనను తిట్టాల్సిన తిట్టు తన చేత్తోనే రాసిచ్చి, అక్షరం పొల్లుపోకుండా వల్లె వేయించాడు.