లోపలి అంచు

సైకిల్ చక్రానికి బిగించిన మీటరును కృష్ణాబాయి రెండోసారి చూసింది. కరెంటు ప్లాంటు కాలనీ చుట్టూ వేసిన పది కిలోమీటర్ల పరుగు దారి నూట ఇరవై మీటర్లు తక్కువ!

"జీపుతోని కొలిచినం మేడం," అన్నాడు పోటీలు నడిపే శివన్న.

"జీపు మలుపుల్ల బయటి అంచు పట్టి తిరుగుతది. ఉరికేటోళ్ళు లోపలి అంచు పట్టుకుంటరు. దారి సరిగ్గున్నదని నేను సంతకం పెట్టను. ఈ దారి మీద కొట్టిన రికార్డులు గూడ చెల్లవు."

"అన్నీనా?"

"అన్నీ."

శివన్న పాత రికార్డుల కాగితం ముందు పెట్టాడు. మొదటి పేరు ఆమెదే. ప్లాంటులో ఆమెకు నౌకరీ ఇచ్చింది ఆ రికార్డు చూసే.

"ఇప్పుడు చెప్పుండ్రి మేడం, దారి పొట్టిదా?"

"మల్లొకసారి కొలుస్త," అని కృష్ణాబాయి సైకిలెక్కింది.

ఈసారి ప్రతి మలుపులోనూ బయటి అంచు పట్టుకుని తొక్కింది.