తలుపు మీది ఎర్ర గీత

"గీత మొత్తం పోవాలె. ఎవడొచ్చి వేలు పెట్టి చూసినా ఇక్కడ ఏదో తాకిందని తెల్వద్దు," అన్నాడు గజేందర్.

ఆర్మూర్‌లో నిజామాబాద్ రోడ్డు మీద కార్లకు పాలిష్ పట్టే షాపు డేవిడ్‌ది. అతను తెల్ల కారు కుడివైపు తలుపు ముందు గొంతుక్కూచుని, మూరెడు పొడుగున సాగిన ఎర్ర గీత మీద గోరు నడిపించి చూశాడు.

"గోరుకు తగుల్తలేదన్నా. లోతు లేదు. మీద మీద ఎర్ర రంగు అంటింది, గంతే. దేనికి గీక్కుంది?"

"గేటుకు. మా బావోళ్ల గేటు ఎర్రగుంటది."

అబద్ధమాడటం గజేందర్‌కు కొత్తేమీ కాదు గానీ, ఈ ఒక్క అబద్ధానికి మాత్రం నోరు తడారిపోయింది. నిన్న సాయంత్రం వేల్పూర్ దాటాక రైతులు ఉడకబెట్టిన పసుపును రోడ్డు ఎడమ అంచు నుంచి సగందాకా ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చారు. ఈ పక్కన పుట్టినవాడెవడైనా ప్రాణం పోయినా ఇంకొకరి పంట మీదికి టైరు పోనియ్యడు. గజేందర్ కూడా కారును కుడికి తిప్పాడు. ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. దాని ట్రాలీ వెనక నుంచి మోపెడ్ మీద ఒక ముసలాయన దూసుకొచ్చాడు. ఇరుకులోంచి బయటపడుతుంటే తలుపు బర్రుమంది. అద్దంలో చూస్తే మోపెడ్ చక్రం గాల్లో తిరుగుతోంది, ముసలాయన లేవడం లేదు. ట్రాక్టరు ఆగలేదు. గజేందరూ ఆగలేదు. ఆగితే కేసు. కేసయితే దుబాయ్ వీసా గోవిందా. వచ్చే వారమే అతని విమానం.

పాపం, ముసలాయన బతికాడో లేదో. రాత్రంతా ఆ చక్రమే కళ్ల ముందు తిరిగింది.

డేవిడ్ రెండు డబ్బాలు తెచ్చి ముందు పెట్టాడు. "రుద్దే కాంపౌండ్ల రెండు రకాలుంటయన్నా. ఇది సన్నది. నిమ్మళంగ రుద్దాలె, ఆలస్యమైతది గని కారు రంగు ఖరాబ్ గాదు. గిది గరుకుది. జల్ది పోతది, గని కారు మీది మెరుగు గూడ గీక్కపోతది. నా మాటిను, సన్నది పెడ్త."

"సరే, సన్నదే పెట్టు."

డేవిడ్ పీలికకు కాంపౌండ్ అద్దుకొని గుండ్రంగా రుద్దసాగాడు. గీత మెల్లమెల్లగా గులాబీ రంగుకు దిగింది. గజేందర్‌కు కాస్త ఊపిరి తిరిగింది. అప్పుడే ఫోను మోగింది. భార్య రుచిత.

"ఇంటికి పోలీసులొచ్చిండ్రు! వేల్పూర్ కాడ ఏదో యాక్సిడెంటట గదా? కెమెరాల మన కారు నంబరు దొరికిందట. కారేదని అడిగిండ్రు."

"నువ్వేమన్నవ్?"

"డేవిడ్ షాపుల ఉందన్న. అటే వస్తుండ్రు. ఏమైంది? ఏం జేసినవ్ నువ్వు?"

గజేందర్ ఫోను పెట్టేశాడు. తలుపు మీద ఆ గులాబీ గీత ఇంకా కనబడుతూనే ఉంది.

"పక్కకు జరుగు," అన్నాడు.

"ఏందన్నా?"

"జరుగుమంటున్న!"

గరుకు డబ్బా లాక్కొని, మూత విసిరి కొట్టి, పీలిక నిండా ముద్ద తీసుకొని తలుపు మీద పడ్డాడు. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు. దూరంగా ఏ బండి చప్పుడైనా పోలీసు జీపే అనిపించింది.

"అన్నా, గట్ల రుద్దితే లోపలి కోటింగ్ బయటవడ్తది! నిజం జెప్పు, గేటేనా గిది?"

"నీకు దండం పెడ్త, ఏం అడగకు."

గీత పోయింది. దానితో పాటు మెరుగూ పోయింది, తలుపు మధ్యలో మసక మచ్చ మిగిలింది. దానికి ఏదో ఒక కథ అల్లొచ్చు. గజేందర్ రంగు అంటిన పీలికను షాపు ముందు పారే మురికికాలువలోకి గిరాటేశాడు. అది నల్లటి నీళ్లలో మునిగి కొట్టుకుపోయేదాకా చూశాడు.

చెయ్యి ఇంకా పూర్తిగా తుడుచుకోకముందే జీపు వచ్చి ఆగింది. కానిస్టేబుల్ దిగాడు. అతని వెనక, చేతికి కట్టుతో మెల్లగా ఇంకొకరు దిగారు. నిన్నటి ముసలాయనే!

బతికే ఉన్నాడు. గజేందర్‌కు ఒక్క క్షణం ఏడుపొచ్చినంత పనైంది. మరుక్షణం దుబాయ్ వీసా గుర్తొచ్చింది.

"గజేందర్ అంటే నువ్వేనా? నిన్న వేల్పూర్ కాడ..." కానిస్టేబుల్ మాట పూర్తి కానేలేదు.

"నేను గుద్దలే సార్! నా కారు ఎవ్వలికీ తగల్లే! కావాల్నంటే చూడుండ్రి. ఒక్క గీతున్నా నన్ను తీస్కపోండ్రి!"

కానిస్టేబుల్ కారు చుట్టూ తిరిగాడు. కుడి తలుపు ముందు ఆగాడు. మచ్చ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. తర్వాత ముసలాయన వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు.

"ఏం లేదు నడిపయ్యా. నువ్వు జెప్పింది ఏం కనిపిస్తలేదు. ట్రాక్టరోడేమో గీ కారే గుద్ది ఉరికిందని రాసిచ్చిండు."

నడిపయ్య ముఖం పాలిపోయింది. కట్టు కట్టిన చేతిని ఇంకో చేత్తో పట్టుకొని, తలుపు దగ్గరికి వచ్చి, వంగి వెతికాడు.

"నన్ను గుద్దింది నువ్వు గాదు బిడ్డా, గా ట్రాలీ. మొదలు నీ తలుపును గీకి, ఎంటనే నన్ను పడేసింది. నా కండ్లతోని చూసిన. పొద్దుగాల పోయేసరికి వాడు ట్రాలీకి కొత్త రంగు కొట్టిచ్చిండు, గందుకే సార్‌ను బతిలాడి ఇక్కడికి గుంజుకొచ్చిన. నా మోపెడ్ నల్లది. వాని ట్రాలీ ఎర్ర రంగు నీ తలుపు మీద ఉంటది, గదొక్కటే నిన్ను కాపాడ్తదని జెప్పిన... ఏది బిడ్డా, గా ఎర్ర గీత?"