కారుచీకటి, ఐదో పాట

"ఏం మనుషులప్పా మీరు? బంగారట్లాంటి పాటల్ని నాశనం చేసినారు గదా! చేతులెట్లా వచ్చినాయి మీకు?"

హోసూరులో కార్తిక్ స్నేహితుడు వంశీ వాళ్ల బియ్యమంగడి మిద్దె మీది రూములోకి తోసుకొచ్చి, ముత్తప్ప పెన్ డ్రైవ్‌ను బల్ల మీద కొట్టినట్టు పెట్టినాడు. అరవై దాటిన మనిషి. అంచెట్టి కొండల్లో నుంచి రెండు బస్సులు మారి వచ్చినాడంట.

కార్తిక్ చేతిలో స్పీకర్ వైరు అట్లే ఉండిపోయింది. సామాను సగం అప్పటికే అట్టపెట్టెల్లోకి చేరింది.

"ఏ పాటలు తాతా?"

"కారుచీకటి. నువ్వు చేసిందే గదా?"

కార్తిక్ వైరు పక్కన పడేసి దగ్గరికొచ్చినాడు. తనూ, చుట్టుపక్కల ఆరుగురూ చేసిన రీమిక్సులు పన్నెండు ఏరి, అతను కూర్చిన ఆల్బమ్ అది. తప్పెట దెబ్బల్ని ముక్కలుగా కోసి, వరస తప్పించి, పరుగులెత్తించి, అడుగున పాడుబావిలోంచి లేచినట్టు బేసు పెట్టిన మోత. బ్రేక్‌బీట్ అంటారు. ఎవడూ వినలేదు. నునుపు చేస్తే వింటారని వంశీ పోరితే, పోయిన నెల పాతది తీసేసి, మీద వయలిన్ పూసి కొత్తది నెట్‌లో పెట్టినాడు. దాన్నీ ఎవడూ వినలేదు. వినేవాడు లేని పాటలకు రూమెందుకన్నాడు వంశీ నాయన. సాయంత్రానికి ఖాళీ చెయ్యాల. రేపట్నుంచి ఈడ బియ్యం మూటలు. వంశీ బీగం పట్టుకొని వాకిట్లోనే నిలబడి ఉన్నాడు.

కార్తిక్‌కు కోపం రాలేదు. ఈ పెద్దాయనకు ఈ మోతతో ఏం పని?

"కొత్తది బాగలేదా తాతా?"

"థూ! పోయిన వారం మా అల్లుడు పాతది చెరిపేసి ఇది ఎక్కించినాడు, కొత్తదంటే ఇంకా జోరుగా ఉంటాదని. పాతదాంట్లో ఐదో పాట, తప్పెట గబగబా కొడతా కొడతా టక్కున నిలిచిపోతాది. సప్పుడే ఉండదు. నాలుగు లెక్క పెడితే, కొండ విరిగినట్టు ఒక్కసారిగా పడతాది. ఉందా లేదా?"

"ఉంది తాతా, ఉంది!" ఆ నాలుగు లెక్కల కోసం కార్తిక్ పదకొండు దినాలు కొట్టుకున్నాడు. ఇంతవరకు దాన్ని పట్టుకున్నవాడు లేడు.

"యాడ పోయింది అది? వయలిన్ పోసి పాయసం చేసినావు. తొమ్మిదో పాట అడుగున గుర్రుమంటా ఒకటి పోతాది చూడు, నేల్లో నుంచి కాళ్లలోకి ఎక్కేది? అదీ లేదు!"

"విన్నావా వంశీ? కాళ్లలోకి ఎక్కిందంట!"

వంశీ లోపలికొచ్చినాడు. "నిజంగానే వింటావా తాతా?"

"రెండు నెల్లుగా దినామూ. నేనొక్కన్నే అనుకుంటివా? మా పక్క పదారిళ్లలోనూ ఇదే. అప్పు సప్పు చేసి ఇంతింత స్పీకర్లు తెచ్చినాము."

"పదారిళ్లా!" వంశీ బీగం జేబులో వేసుకున్నాడు. "రేయ్ కార్తిక్, పెట్టెలు విప్పు. నాయనతో నేను మాట్లాడతా."

కార్తిక్ నవ్వు ఆపుకోలేకపోయినాడు. "మరి తాతా, ఇప్పుడు కొత్తది వేస్తే మద్దెలోనే లేచి పోతాండారా?"

"పోతే నీ కాడికి ఎందుకొస్తానప్పా! పాతదానికి ఐదో పాట కాడికే అడివిలోకి ఒకటే పరుగు. ఇప్పుడు పన్నెండూ అయిపోయేదాకా చెవులు ఊపుకుంటా వింటాండాయి, నా రాగి చేన్లో నిలబడి, ఏనుగులు! ఆ వయలిన్ పీకి పారెయ్, పాతది ఇప్పుడే ఎక్కించు. నా కోత అయ్యే లోపల ఈ రూముకు బీగం పడిందంటే, మందనంతా తోలుకొచ్చి మీ బియ్యమంగట్లో నిలబెడతా!"